ఎకరం కుదరదు, అరెకరం కుదురుతుంది

కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం మాగాణుల్లో అయినా, పొదిలి, కనిగిరి మెట్టల్లో అయినా నాలుగు మూలలూ సమంగా ఉన్న పొలం తక్కువ. కాలవ వంపు తిరిగిన చోటో, డొంక అడ్డం పడిన చోటో ఒక మూల కోసుకుపోయి ఉంటుంది. ఆ వంకరంతా లెక్కకు ఎలా లొంగుతుందో సర్వేయరు చేతిలో ఉండే ఎఫ్‌ఎంబి (పొలం కొలతల పుస్తకం) పటం చూస్తే తెలుస్తుంది. పొలం మధ్యగా జి లైను అనే ఆధార రేఖ ఒకటి ఉంటుంది. దాని మీద నుంచి ఒక్కో గట్టు మూలకూ లంబంగా ఆఫ్‌సెట్ అనే గీత గీసి ఉంటుంది. దాంతో పొలం లంబకోణ త్రిభుజాలుగా, ట్రెపీజియాలుగా విడిపోతుంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి వచ్చిన పద్ధతి ఇది. అప్పట్లో కొలత గొలుసుది, గొలుసు పొడవు 66 అడుగులు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉన్న చతురస్రం 4,356 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 10 సెంట్లు. అలాంటివి పది కలిస్తే ఎకరం.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవచ్చు. లంబకోణ త్రిభుజం ఆకారంలో, సరిగ్గా ఒక ఎకరం వచ్చేలా పొలం గీయగలమా? షరతు ఒక్కటే. మూడు గట్ల పొడవులూ అడుగుల్లో పూర్ణసంఖ్యలుగానో భిన్నాలుగానో కచ్చితంగా చెప్పగలిగేలా ఉండాలి. బడి పుస్తకాల మాటలో చెప్పాలంటే మూడూ అకరణీయ సంఖ్యలు కావాలి. వర్గమూలాలు మిగలకూడదు, సుమారు లెక్కలు పనికిరావు.

అరెకరానికి జవాబు ఉంది: 99 అడుగులు, 440 అడుగులు, కర్ణం 451 అడుగులు. 99ని 440తో గుణించి సగం చేస్తే 21,780 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 50 సెంట్లు. 99 వర్గం 9,801, 440 వర్గం 1,93,600. రెండూ కలిపితే 2,03,401, అది 451 వర్గం. రెండెకరాలకు ఈ మూడు కొలతలనూ రెట్టింపు చేస్తే చాలు. మూడెకరాలకు 330, 792, 858 సరిపోతాయి. కానీ ఎకరానికి మాత్రం అలాంటి త్రిభుజం లేదు. ఇంతవరకూ దొరకలేదని కాదు, అసలు ఉండదని రుజువైంది. నాలుగెకరాలకూ లేదు, ఐదెకరాలకూ లేదు. 60 సెంట్లకు ఉంది, 20 సెంట్లకు లేదు.

నెల్లూరు టౌన్లో ఇళ్ల స్థలాలు అంకణాల్లో అమ్ముతారు. అంకణం 72 చదరపు అడుగులు. మూడు అంకణాల లంబకోణ త్రిభుజం చాలా తేలిక, 18, 24, 30 అడుగులు. ఒక్క అంకణానికి మాత్రం ఎంత వెతికినా దొరకదు.

ఈ కుదరడం, కుదరకపోవడం వెనకున్న లెక్క వెయ్యేళ్ల నాటిది. దాని పూర్తి జవాబు ఇప్పటికీ ఎవరి దగ్గరా లేదు. ఆ జవాబు కోసం వెతికిన దారిలోనే బీజీయ సంఖ్యా సిద్ధాంతం, ఎలిప్టిక్ కర్వ్‌ల గణితం ఒకచోట కలిశాయి.

ఏ సంఖ్యలు కుదురుతాయి?

ముందు కొలతల గొడవ వదిలించుకోవాలి. త్రిభుజం భుజాలన్నిటినీ ఒకే సంఖ్యతో గుణిస్తే వైశాల్యం ఆ సంఖ్య వర్గం మేరకు పెరుగుతుంది. కాబట్టి వైశాల్యంలో ఉన్న వర్గ కారణాంకాలను పక్కన పెట్టేయవచ్చు. ఎకరం 43,560 చదరపు అడుగులు, అంటే 10 సార్లు 66 వర్గం. అందుకని ఎకరం ప్రశ్న నిజానికి 10 అనే సంఖ్య గురించిన ప్రశ్న. అరెకరం 5కి, 60 సెంట్లు 6కి, 70 సెంట్లు 7కి చెందుతాయి. అంకణం 72, అంటే 2 సార్లు 6 వర్గం, కాబట్టి అది 2 ప్రశ్న. భుజాలు అకరణీయంగా ఉన్న లంబకోణ త్రిభుజానికి వైశాల్యం కాగల పూర్ణసంఖ్యను గణితంలో కాంగ్రుయెంట్ సంఖ్య అంటారు. 5, 6, 7 ఆ కోవలోవి. 1, 2, 3, 10 కావు.

త్రిభుజాలు పుట్టించడం మనవాళ్లకు పాత విద్యే. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణిత సార సంగ్రహంలో రెండు సంఖ్యలను బీజాలుగా తీసుకుని త్రిభుజం కట్టే పద్ధతి చెప్పాడు. బీజాల వర్గాల తేడా ఒక భుజం, వాటి లబ్ధం రెట్టింపు ఇంకో భుజం, వర్గాల మొత్తం కర్ణం. ఆ గ్రంథాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. బీజాలుగా 2, 1 తీసుకుంటే 3, 4, 5 వస్తుంది, వైశాల్యం 6. బీజాలుగా 5, 4 తీసుకుంటే 9, 40, 41 వస్తుంది, వైశాల్యం 180, అంటే 5 సార్లు 6 వర్గం. పైన చెప్పిన అరెకరం ఈ త్రిభుజానికి 11 రెట్లు. బీజాలు 16, 9 అయితే 175, 288, 337, దాన్నుంచి 7 వస్తుంది. 70 సెంట్ల పొలానికి దీన్ని మార్చుకుంటే 192.5, 316.8, 370.7 అడుగులు.

అకరణీయ భుజాలున్న ఏ లంబకోణ త్రిభుజమైనా ఈ పద్ధతిలోనే పుడుతుంది, కొలత పెంచడం, తగ్గించడం తప్ప వేరే తేడా ఉండదు. అంటే కుదిరే సంఖ్యలన్నీ ఎప్పుడో ఒకప్పుడు బయటపడతాయి. చిక్కల్లా ఆ ఎప్పుడో దగ్గరే ఉంది. కోటి జతల బీజాలు ప్రయత్నించినా 10 రాలేదంటే ఏం తేల్చగలం? తర్వాతి జతలో రాదని ఎవరు చెప్పగలరు? ఉంది అనడానికి ఒక్క ఉదాహరణ చాలు. లేదు అనడానికి మాత్రం అనంతమైన వెతుకులాటను ఒక్క వాదనతో మూసేయాలి. ఇవి రెండూ వేరు వేరు పనులు, వాటికి వాడే పనిముట్లూ వేరు.

లేదు అని చెప్పే మొదటి గట్టి వాదన 17వ శతాబ్దంలో ఫెర్మాది. 1 కాంగ్రుయెంట్ సంఖ్య కాదని ఆయన నిరూపించాడు. భుజాలు పూర్ణసంఖ్యలై, వైశాల్యం ఒక వర్గమయ్యే లంబకోణ త్రిభుజం ఒకటి ఉంటే, దాన్నుంచి అదే గుణం ఉన్న ఇంకా చిన్న త్రిభుజం కట్టవచ్చు, దాన్నుంచి మరీ చిన్నది. పూర్ణసంఖ్యలు అలా అంతు లేకుండా దిగిపోలేవు కాబట్టి మొదటి త్రిభుజమే ఉండదు. అంతకు నాలుగు శతాబ్దాల ముందు, 1225 నాటి పుస్తకంలో ఫిబొనాచ్చి 5కి జవాబు చెప్పాడు. చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ కొలువులో వచ్చిన ప్రశ్న అది. ఏ వర్గానికి 5 కలిపినా, 5 తీసేసినా మళ్లీ వర్గమే వస్తుంది? ఆయన జవాబు 41/12 వర్గం. పైన 9, 40, 41లో కనిపించిన 41 ఇదే. త్రిభుజం ప్రశ్న, ఈ వర్గాల ప్రశ్న నిజానికి ఒకటే, ఎలాగో చూద్దాం.

త్రిభుజం నుంచి వక్రానికి

3, 4, 5 త్రిభుజంలో కర్ణంలో సగం తీసుకుని వర్గం చేస్తే 25/4. దాని నుంచి వైశాల్యం 6 తీసేస్తే 1/4, అది 1/2 వర్గం. 6 కలిపితే 49/4, అది 7/2 వర్గం. ఇది యాదృచ్ఛికం కాదు. ఏ లంబకోణ త్రిభుజంలో అయినా కర్ణంలో సగం వర్గానికి వైశాల్యం కలిపితే భుజాల మొత్తంలో సగం వర్గం వస్తుంది, తీసేస్తే భుజాల తేడాలో సగం వర్గం వస్తుంది. 1/4, 25/4, 49/4 మూడూ వర్గాలే కాబట్టి వాటి లబ్ధం కూడా వర్గమే, 35/8 వర్గం. ఎక్స్ విలువ 25/4 అనుకుంటే, ఎక్స్‌ని ఎక్స్ మైనస్ 6తో, ఎక్స్ ప్లస్ 6తో గుణిస్తే ఒక వర్గం వచ్చిందన్నమాట. సమీకరణంగా రాస్తే:

వై² = ఎక్స్³ − 36ఎక్స్

ఇదే ఎలిప్టిక్ కర్వ్. 36 అంటే 6 వర్గం. 5 కోసం 25, ఎకరం కోసం 100 పెట్టుకోవాలి. పేరులో దీర్ఘవృత్తం వినిపిస్తున్నా దీని ఆకారం దీర్ఘవృత్తం కాదు. దీర్ఘవృత్తం చుట్టుకొలత లెక్క కట్టబోతే ఇలాంటి సమీకరణాలు తగిలాయి, అందుకని ఆ పేరు నిలబడింది.

త్రిభుజాన్ని వక్రం మీద బిందువుగా మార్చినందువల్ల ఏం లాభం? త్రిభుజాలను ఒకదానితో ఒకటి కూడలేం, బిందువులను కూడవచ్చు. వక్రం మీద రెండు బిందువుల గుండా గీత గీస్తే అది వక్రాన్ని మూడో చోట తాకుతుంది. ఆ మూడో బిందువును ఎక్స్ అక్షానికి అవతలి వైపుకి తిప్పితే వచ్చేదే మొత్తం. ఒక బిందువును దానితోనే కూడాలంటే అక్కడ స్పర్శరేఖ గీయాలి. మొదటి బిందువులు అకరణీయమైతే కొత్తది కూడా అకరణీయమే. ఈ కూడికకు మామూలు కూడిక నియమాలన్నీ వర్తిస్తాయి. గణితంలో ఇంత సాదా నిర్మాణం నుంచి ఇంత పని జరిగే చోట్లు ఎక్కువ లేవు.

స్పర్శరేఖ కూడికను మళ్లీ త్రిభుజాల భాషలోకి తెస్తే చేత్తో చేసుకోగల సూత్రం వస్తుంది. భుజాల వర్గాల తేడాను కర్ణం రెట్టింపుతో భాగిస్తే కొత్త భుజం ఒకటి. మూడు పాత కొలతల లబ్ధాన్ని రెట్టింపు చేసి, వర్గాల తేడాతో భాగిస్తే రెండోది. 3, 4, 5కి ఇలా చేస్తే 7/10, 120/7 వస్తాయి, కర్ణం 1201/70. వైశాల్యం మళ్లీ 6. అంటే 60 సెంట్ల పొలాన్ని 198, 264, 330 అడుగులతోనూ గీయవచ్చు, ఒక గట్టు 46.2 అడుగులు, ఇంకోటి 1,131 అడుగుల చిల్లర ఉన్న సన్నటి పొలంగానూ గీయవచ్చు. కొత్తదాని మీద అదే సూత్రం మళ్లీ వాడితే ఇంకోటి, ఆపైన మరోటి. ఒక్క త్రిభుజం దొరికితే అనంతంగా దొరికినట్టే.

కుదరని సంఖ్యల వక్రం మీద కూడా కొన్ని బిందువులు ఉంటాయి, కానీ వాటిలో త్రిభుజం ఉండదు. వై సున్నా అయ్యే మూడు, అనంతం దగ్గర ఒకటి, మొత్తం నాలుగే. కాబట్టి ఎకరం ప్రశ్న ఇలా మారింది: వై² = ఎక్స్³ − 100ఎక్స్ మీద ఈ నాలుగూ కాక ఇంకో అకరణీయ బిందువు ఉందా? బిందువులు అనంతంగా ఉన్నా, పరిమిత సంఖ్యలో ఉన్న మూల బిందువులను కూడుతూ పోతే అన్నీ వచ్చేస్తాయని 1922లో మోర్డెల్ నిరూపించాడు. ఇలా అనంతంగా బిందువులను పుట్టించే, ఒకదాన్నుంచి ఇంకోటి రాని మూలాలు ఎన్ని ఉన్నాయో ఆ సంఖ్యను వక్రం ర్యాంకు అంటారు. 5, 6, 7లకు ర్యాంకు 1. ఎకరానికి 0.

ఈ కూడికే ఇప్పుడు అందరి ఫోన్లలోనూ నడుస్తోంది. అకరణీయ సంఖ్యల బదులు ఒక పెద్ద ప్రధాన సంఖ్యతో భాగిస్తే మిగిలే శేషాలు తీసుకుని, ఒక బిందువును రహస్య సంఖ్య అన్నిసార్లు కూడతారు. వచ్చిన బిందువును చూసి ఎన్నిసార్లు కూడారో కనిపెట్టే తేలిక దారి ఇప్పటి కంప్యూటర్లకు తెలియదు. కోబ్లిట్జ్, మిల్లర్ 1985లో విడివిడిగా చేసిన సూచన ఇది. కావలి నుంచి సింగరాయకొండకు వెళ్లే వాట్సాప్ మెసేజ్‌కి తాళం వేసేది కర్వ్25519 అనే వక్రం. 2ని 255 సార్లు గుణించి 19 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యను బట్టి దానికా పేరు.

157 ఎందుకంత మొండిది?

15 ఎకరాల 70 సెంట్లు తీసుకుందాం. సంఖ్య 157. కుదిరే త్రిభుజం ఉంది, చూడటానికి మామూలుగానే ఉంటుంది, ఒక గట్టు దాదాపు 1,092 అడుగులు, ఇంకోటి దాదాపు 1,253. టేపు పట్టుకున్న వాళ్లకు అందులో వింతేమీ కనిపించదు. కచ్చితమైన కొలతను గొలుసుల్లో రాస్తే మాత్రం మొదటి గట్టు ఇది:

6803298487826435051217540 / 411340519227716149383203

రెండో గట్టుకు లవం సరిగ్గా పై భిన్నంలోని హారమే, హారం 21666555693714761309610. కర్ణం లవంలో 48 అంకెలు. 157కి ఉన్న త్రిభుజాల్లో అన్నిటికన్నా సరళమైనది ఇదే. డాన్ జాగియర్ అనే గణితజ్ఞుడు కనిపెట్టాడు. బీజాలు ఒక్కొక్కటే మార్చుకుంటూ వెళితే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ కలిసినా దీని దాకా రాలేవు. మరి ఎలా దొరికింది?

ఇక్కడే బీజీయ సంఖ్యా సిద్ధాంతం అవసరమవుతుంది. మామూలు సంఖ్యలకు మైనస్ 5 వర్గమూలం లాంటివి చేర్చి విస్తరించిన లోకాల్లో గుణకారం, కారణాంకాలు ఎలా నడుస్తాయో చూసే శాస్త్రం అది. మనకు అలవాటైన లోకంలో 6 అంటే 2 సార్లు 3, ప్రధాన కారణాంకాలు ఇంకో రకంగా రావు. మైనస్ 5 వర్గమూలం చేర్చిన లోకంలో అదే 6ని (1 + √−5), (1 − √−5) లబ్ధంగా కూడా రాయవచ్చు, ఈ నాలుగింటినీ ఇంకా విడగొట్టలేం. ఒకే సంఖ్యకు రెండు వేరు వేరు విభజనలు. ఇది ఎంత దెబ్బో 1847లో పారిస్‌లో తెలిసింది. రెండు ఘనాలు కలిపితే ఘనం రాదు, ఆపై ఏ ఘాతానికైనా అంతే అనే ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని నిరూపించానని లామే అనే గణితజ్ఞుడు ప్రకటించాడు, కానీ ఆ రుజువు విభజన ఒకే రకంగా ఉంటుందన్న నమ్మకం మీద నిలబడింది. ఆ నమ్మకం చెల్లదని కుమ్మర్ అప్పటికే చూపించాడు. ఒక లోకంలో ఈ విభజన ఎంత చెదిరిందో కొలిచే సంఖ్యే క్లాస్ నంబర్. అది 1 అయితే ఏమీ చెదరలేదని అర్థం.

రుణసంఖ్యల వర్గమూలాలు చేర్చిన లోకాల్లో క్లాస్ నంబర్ 1 అయ్యేవి తొమ్మిదే ఉంటాయని గౌస్ ఊహించాడు. 1, 2, 3, 7, 11, 19, 43, 67, 163, వీటి ముందు మైనస్ గుర్తు. చివరిదైన 163 ప్రభావం చాలా దూరం వెళుతుంది. ఎన్² + ఎన్ + 41 అనే సూత్రంలో ఎన్ స్థానంలో 0 నుంచి 39 దాకా ఏది పెట్టినా ప్రధాన సంఖ్యే రావడానికి కారణం ఈ 163. గౌస్ ఊహను 1952లో కుర్ట్ హీగ్నర్ నిరూపించాడు. ఆయన యూనివర్సిటీ ప్రొఫెసర్ కాదు, బడి పంతులుగా, రేడియో ఇంజినీరుగా పనిచేసినవాడు. రుజువులో లోపం ఉందని గణితజ్ఞులు పక్కన పెట్టేశారు. 1965లో ఆయన చనిపోయాడు. 1960ల చివర్లో బేకర్, స్టార్క్ వేరే రుజువులు ఇచ్చాక, స్టార్కే వెనక్కి వెళ్లి చూసి హీగ్నర్ రుజువు సారాంశంలో సరైనదేనని చెప్పాడు. బతికుండగా ఆయనకు ఈ గౌరవం దక్కకపోవడం గణిత చరిత్రలో బాధ కలిగించే విషయం.

ఆ 1952 వ్యాసంలోనే కాంగ్రుయెంట్ సంఖ్యలకూ దారి ఉంది. అలాంటి విస్తరించిన లోకాల నుంచి ఎలిప్టిక్ కర్వ్ మీదకు బిందువులను దింపే పద్ధతి అది, వాటిని ఇప్పుడు హీగ్నర్ బిందువులు అంటారు. వెతకడం కాకుండా కట్టడం అన్నమాట. 8తో భాగిస్తే 5 గానీ 7 గానీ మిగిలే ప్రతి ప్రధాన సంఖ్యా కాంగ్రుయెంటే అని ఈ దారిలోనే రుజువైంది. 157ని 8తో భాగిస్తే శేషం 5. కాబట్టి త్రిభుజం ఉండి తీరుతుందని ముందే తెలుసు, 48 అంకెల కర్ణం దాకా వెళ్లడానికి ధైర్యం ఇచ్చింది అదే.

ఎకరం లేదని ఎలా తేలింది?

1960ల మొదట్లో కేంబ్రిడ్జ్‌లో బర్చ్, స్విన్నర్టన్-డయర్ అనే ఇద్దరు గణితజ్ఞులు ఎడ్‌సాక్ 2 కంప్యూటర్‌తో ఒక లెక్క చేశారు. ఒక వక్రానికి 2, 3, 5, 7 ఇలా ఒక్కో ప్రధాన సంఖ్య శేషాల్లో ఎన్ని సాధనలు ఉన్నాయో లెక్కపెట్టారు. అకరణీయ బిందువులు ఎక్కువున్న వక్రాలకు ఈ లెక్కలు కూడా సగటున ఎక్కువ రావడం గమనించారు. ఆ లెక్కలన్నిటినీ కలిపి కట్టే ఎల్-ఫంక్షన్ 1 దగ్గర సున్నా అయితేనే వక్రం మీద బిందువులు అనంతం, కాకపోతే పరిమితం అన్నది వాళ్ల ఊహలో కీలకమైన ముక్క. 2000లో క్లే గణిత సంస్థ పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించిన ఏడు సమస్యల్లో ఇదొకటి. బహుమతి ఇంకా అలాగే ఉంది.

ఊహలో సగం మన వక్రాలకు రుజువైంది. వై² = ఎక్స్³ − 100ఎక్స్ లాంటి వక్రాలకు ఒక అదనపు సౌష్ఠవం ఉంటుంది. ఎక్స్ గుర్తు మార్చి, వైని మైనస్ 1 వర్గమూలంతో గుణిస్తే వక్రం మళ్లీ తన మీదే పడుతుంది. ఈ సౌష్ఠవం ఉన్న వక్రాలకు, బిందువులు అనంతమైతే ఎల్-ఫంక్షన్ సున్నా అయి తీరుతుందని 1977లో కోట్స్, వైల్స్ నిరూపించారు. తర్వాత ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని ఛేదించిన వైల్స్ ఈయనే.

1983లో టన్నెల్ ఆ ఎల్-ఫంక్షన్ సున్నానో కాదో చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత తేలిక చేశాడు. ఎకరం మీద ఆ పరీక్ష పెట్టి చూడండి. సరి సంఖ్య కాబట్టి రెండు సమీకరణాలు:

8క² + 2గ² + 16చ² = 10
8క² + 2గ² + 64చ² = 10

క, గ, చ పూర్ణసంఖ్యలు, రుణసంఖ్యలు కూడా కావచ్చు. 10 కాంగ్రుయెంట్ సంఖ్య అయితే మొదటిదాని సాధనలు రెండోదాని సాధనలకు సరిగ్గా రెట్టింపు ఉండాలి. 16 గానీ 64 గానీ 10 కన్నా పెద్దవి, కాబట్టి రెండింట్లోనూ చ సున్నాయే. మిగిలిన దాంట్లో క ప్లస్ 1 లేదా మైనస్ 1, గ కూడా అంతే. మొదటిదానికి నాలుగు సాధనలు, రెండోదానికీ నాలుగే. నాలుగుకు రెట్టింపు నాలుగు కాదు. ఎకరం పొలానికి అలాంటి త్రిభుజం లేదు, రుజువు అయిపోయింది. ఒక్క పేరాలో ముగిసిన ఈ లెక్క వెనక కోట్స్, వైల్స్, టన్నెల్‌ల లోతైన సిద్ధాంతాలున్నాయి.

సంఖ్య పరీక్ష తప్పితే లేదని ఖాయం. నెగ్గితే మాత్రం ఉందని చెప్పడానికి బర్చ్, స్విన్నర్టన్-డయర్ ఊహ మొత్తం నిజం కావాలి. వర్గ కారణాంకాలు లేని సంఖ్యల్లో 8తో భాగిస్తే 5, 6, 7 మిగిలేవన్నీ పరీక్ష నెగ్గుతాయి, అవన్నీ కాంగ్రుయెంటే అని గణితజ్ఞుల నమ్మకం, ఇంకా రుజువు కాలేదు. 1, 2, 3 మిగిలే సంఖ్యల్లో కుదిరేవి చాలా అరుదని, వాటి సాంద్రత సున్నా అని 2017లో అలెగ్జాండర్ స్మిత్ చూపించాడు.

అరుదైనా ఉన్నాయి. నాలుగెకరాల పది సెంట్లు, అంటే 41, శేషం 1. బేసి సంఖ్య కాబట్టి పరీక్షలో 2క² + గ² + 8చ², 2క² + గ² + 32చ² వాడాలి. మొదటిదానికి 32 సాధనలు, రెండోదానికి 16, సరిగ్గా రెట్టింపు. త్రిభుజం కూడా ఉంది: 405.9 అడుగులు, 880 అడుగులు, కర్ణం 969.1. ఇవి చిన్న సంఖ్యలు కాబట్టి వెతికితే దొరికాయి. కానీ 41 వక్రం ర్యాంకు 2. ర్యాంకు 1 ఉన్న చోట హీగ్నర్ బిందువులు పనికొస్తాయని గ్రాస్, జాగియర్, కొలివాగిన్ 1980ల్లో చేసిన పని వల్ల తెలిసింది. ర్యాంకు 2కి చేరగానే ఆ పద్ధతి ఇచ్చే బిందువుల వల్ల కొత్త త్రిభుజం ఏదీ రాదు. అలాంటి సంఖ్యకు 157కి వచ్చినంత పెద్ద కొలతలు అవసరమైతే వాటిని కట్టి చూపించే సాధారణ పద్ధతి ఈ రోజుకీ లేదు.